గుట్ట మీద రెండంతస్తుల ఇల్లు

మా క్యాంపులో మనిషి ఉరికాడంటే నీళ్ల ట్యాంకరైనా వచ్చి ఉండాలి, మెస్సులో శుక్రవారం మటన్ అయినా అడుగంటుతూ ఉండాలి. ఊరికే ఉరకడమన్నది మాకు తెలియని విద్య. అందుకే కొత్తగా వచ్చిన స్కాట్లండ్ ఇంజనీరు ఒక సాయంత్రం పొట్టి నిక్కరు తొడుక్కుని గుట్ట వైపు పరుగు తీస్తుంటే, క్రషర్ దగ్గరి మావాళ్లంతా పారలు ఆపి, ఆయన వెనక ఏం వస్తోందా అని చూశారు. ఏమీ రావడం లేదు.

"దొరను కుక్క తరుముతున్నదా ఏంది?"

"కుక్క లేదు, ఏం లేదు. ముదీర్ పిలిచిండేమో. గందుకే అటు ఉరుకుతుండు."

ముదీర్ అంటే మా మేనేజరు. ఆయన పిలిస్తే ఎవరికైనా గుట్ట వైపే ఉరకాలనిపించేది, అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇంజనీరు ఎవరికీ భయపడి ఉరకలేదు. మేకలా రాళ్ల మీద ఎగబాకి, కనబడకుండా పోయి, పొద్దుగూకే వేళకు మోకాళ్ల దాకా దుమ్ముతో, మొహం నిండా సంతోషంతో దిగి వచ్చాడు. మర్నాడూ అంతే. వారం తిరక్కుండా క్యాంపులో ఆయన పేరు 'ఉరుకుడు దొర' అయింది.

ఎనభైల మొదట్లో మాట. దుబాయ్‌కి ఉత్తరాన రస్ అల్ ఖైమా వెనకాల నల్లటి బోడిగుట్టల నడుమ మా క్రషర్. గుట్టను తవ్వి, కంకర చేసి, లారీలకెత్తి పంపడం కంపెనీ పని. అందులో నేను టైం కీపర్ని. ఎవరు ఎప్పుడు డ్యూటీ ఎక్కారు, ఎప్పుడు దిగారు అని చూసేవాణ్ణి. అందరి టైమూ నా చేతిలోనే ఉండేది గానీ నా టైం ఎప్పుడూ బాగుండేది కాదు. ఇంటర్ దాకా చదివిన పుణ్యానికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కాబట్టి, దొరలకూ, జగిత్యాల వైపు నుంచి వచ్చిన మావాళ్లకూ మధ్య నోరు నాదే.

అలా ఒకరోజు ఉరుకుడు దొర తన దేశం సంగతి నాకు చెప్పుకున్నాడు. అక్కడి గుట్టలు ఎప్పుడూ తడిగా, మబ్బులో ఉంటాయట. సెలవు రోజున బడిపంతుళ్లు, గొర్రెల కాపరులు, ఆఫీసు గుమస్తాలు అందరూ ఏదో ఒక గుట్ట కింద పోగై, పైదాకా ఉరికి, అక్కడున్న రాళ్లకుప్పను చేత్తో ముట్టి, మళ్లీ కిందికి ఉరికి వస్తారట. దారంటూ ఉండదు, ఎవరికి తోచిన వైపు వాళ్లు పోవడమే. గెలిస్తే ఏమిస్తారని అడిగాను.

"ఒక కప్పు. ఒక్కోసారి కేకు."

"ఓడినవాళ్లకో?"

"అదే కేకులో ముక్క."

ఇది మా గదిలో చెబితే అందరూ జాలిపడ్డారు. "కేకు కోసం గుట్టెక్కుడేంది? ఆళ్ల దేశంల బేకరీలు కింద లేవా?"

చలికాలం వచ్చింది. ఎండ మెత్తబడింది. ఒక శుక్రవారం పొద్దున మన దగ్గర కూడా అలాంటి పందెం పెడదామన్నాడు ఇంజనీరు. నియమాలు ఆయనే హిందీలో చెప్పాడు: "ఊపర్ జావో. పత్థర్ ఛూవో. నీచే ఆవో. ఖలాస్." పైకి పో, రాయి ముట్టు, కిందికి రా, అంతే. అంత చిన్న చట్టాన్ని నేనెక్కడా చూడలేదు. ముదీర్‌కి హుషారొచ్చి, పనివాళ్లలో ఎవడు మొదట వస్తే వాడికి కాంట్రాక్టు అయ్యేదాకా ఆగనక్కర్లేకుండా సెలవూ, ఇంటికి పోయి రావడానికి టికెట్టూ ఇస్తానన్నాడు. ఇంజనీరు మొహం చిన్నబోయింది. కేకు దగ్గర ఉండాల్సిన పందెం ఒక్కసారిగా ఇంటి దాకా పోయింది మరి.

ఆ మాట విన్న క్షణం నుంచీ మా బావ అన్నం సరిగ్గా తినలేదు.

బావ అంటే నా పై మంచం మీద పడుకునేవాడు. మా పక్క ఊరివాడు. చుట్టరికమేమీ లేదు. వచ్చిన మొదటి రోజే నన్ను 'బావా' అన్నాడు, నేనూ 'బావా' అన్నాను, దాంతో అక్కచెల్లెళ్ల ప్రమేయం లేకుండానే బావలమైపోయాం. దుబాయ్ కష్టంతో ఊళ్లో ఇల్లు కట్టించాడు. స్లాబు పడింది, సున్నం వేశారు, ఇల్లుజొచ్చుడు, అదే గృహప్రవేశం, ఒక్కటే మిగిలింది. భార్య మాత్రం అతను లేనిదే ఆ ఇంటి గడప దాటనని పిల్లలతో పక్కనే రేకుల పాకలో ఉంటోంది. ఆ సంగతి గది మొత్తానికీ తెలుసు. శుక్రవారం మధ్యాహ్నాలు ఎవరింటి నుంచి క్యాసెట్ వచ్చినా టేప్‌రికార్డర్ నడుమ పెట్టుకుని అందరం వినేవాళ్లం. ఉత్తరం అయితే చాటుగా చదువుకోవచ్చు, క్యాసెట్‌కి చాటు ఎక్కడిది?

"ఇగో, ఇంటున్నవా?" అనేది ఆమె గొంతు. వెనక కోళ్ల చప్పుడు. "ఇల్లు మంచిగున్నది. బయట నిలవడి చూస్తున్న. మొన్నటి వానకు పాక కారింది, పిల్లలను ఒళ్లె వెట్టుకొని కూసున్న. గంత ఇల్లు వెట్టుకొని గీ పాకల ఏందే అని అందరు నవ్వుతుండ్రు. నవ్వనియ్. నేనైతే లోపటికి పోను, నువ్వచ్చినంకనే పోత. మనింటి కుక్కకు నా కన్న సుఖమున్నది, అరుగెక్కి పంటది."

గదిలో అందరూ నవ్వేవారు. బావ నవ్వుతూనే టేప్‌రికార్డర్ మీద దుమ్ము తుడిచేవాడు.

పందెం మాట వచ్చాక అతను రోజూ డ్యూటీ దిగగానే ఇంజనీరు వెనక గుట్టెక్కాడు. చిన్నప్పుడు ఎండాకాలాలు తునికాకు కోయడానికి గుట్టలు తిరిగిన కాళ్లు కాబట్టి ఎక్కడం అతనికి కొత్త కాదు, దిగడమే నేర్పించాల్సి వచ్చింది. దిగేటప్పుడు కాళ్ల వంక చూడొద్దు, ముందుకు చూడాలి, ఆపుకోవద్దు, రాళ్లు జారితే వాటితోపాటే జారాలి అని ఇంజనీరు అంటే నేను తెలుగులో చెప్పేవాణ్ణి. "గట్ల ఉరకద్దనే మా అమ్మ అనేది బావా," అన్నాడు బావ. పది రోజుల్లో ఇద్దరూ ఒకే తీరుగా దిగడం మొదలుపెట్టారు. పక్షులు వాలినట్టు, ఇంకా చెప్పాలంటే పైనుంచి ఎవరో మూట విసిరినట్టు.

నాక్కూడా ఆశ పుట్టింది. బర్ దుబాయ్ బజారుకి వెళ్లి బావకొక జత, నాకొక జత కాన్వాస్ బూట్లు తెచ్చాను. నా బూట్లు చాలా మంచివి. చివరి దాకా కొత్తగానే ఉన్నాయి. మొదటి సాయంత్రం క్యాంపు గేటు దాటి నీళ్ల ట్యాంకరు దాకా ఉరికాను, అక్కడ ట్యాంకరు చక్రం పట్టుకుని కూర్చున్నాను. పఠాన్ డ్రైవరు బండి తీయాలని హారన్ కొడుతున్నా లేవలేకపోయాను. ఇంజనీరు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, పైన రాళ్లకుప్ప దగ్గర ఒక నమ్మకమైన మనిషి కావాలి, ఎవరు ముట్టారో ఎవరు ముట్టలేదో చూడాలి, ఆ పని నువ్వే చెయ్యాలి అన్నాడు. అందరికన్నా పైన నన్ను నిలబెట్టాడు గదా అని గదిలో గొప్పగా చెప్పుకున్నాను. ఆయన మర్యాదగా నన్ను పందెం నుంచి తీసేశాడని అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది.

పందేనికి ముందటి శుక్రవారం నన్ను వెంటబెట్టుకుని నెమ్మదిగా పైదాకా నడిపించి దారి చూపించాడు. సగం గుట్ట దాటాక ఒక ఎండు వాగు రెండుగా చీలుతుంది. కుడి వాగులో పోతే శిఖరం. ఎడమది చూడటానికి వెడల్పుగా, నీడగా ఉంటుంది గానీ లోపల నిలువు బండ దగ్గర ఆగిపోతుంది. పందెం ముందురోజు, గురువారం సాయంత్రం, ఆయన ఒక్కడే వెళ్లి, తప్పిపోకుండా గుర్తులు పెట్టి వచ్చానని చెప్పాడు. "నిషానీలు ఉంటయట," అని మావాళ్లకు చెప్పాను. ఎలాంటి గుర్తులని అడగలేదు. బళ్లో ఆటల పోటీలకు కట్టే రంగుజెండాలే నా మనసులో రెపరెపలాడాయి.

శుక్రవారం తెల్లవారుతుండగానే మెడలో విజిల్, చేతిలో టీ ఫ్లాస్కు పట్టుకుని నేనొక్కణ్ణే గుట్ట ఎక్కాను. జెండాలేమీ కనబడలేదు. కనబడ్డది వేరే. అక్కడక్కడా, వాగు మలుపుల్లో, మూడేసి రాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి.

ఆగి దగ్గరికెళ్లి చూశాను. మా వైపు గుట్ట మీది దేవుడి దగ్గరికి వెళ్లేవాళ్లు మెట్ల పక్కన ఇలాగే రాళ్లు పేరుస్తారు, ఇల్లు కట్టుకునే యోగం రావాలని. కింది రాయి మీద ఎన్ని రాళ్లు నిలబడితే అన్ని అంతస్తులు. మా అమ్మ ఏటేటా పేర్చేది. అద్దె ఇళ్లలో బతికిన మనిషి, ఎప్పుడూ ఒక్క రాయి మీద ఒక్కటే పెట్టేది, అత్యాశ అనుకుంటాడని దేవుడి ముందు కూడా మొహమాటం. ఆ రాళ్లను చూస్తే, ఈ పరాయి గుట్ట మీదికి మనవాడెవడో నాకన్నా ముందే వచ్చి, ఇల్లు కోరుకుని పోయాడనిపించింది. ఎవడో గానీ పాపం, చాలా ఇళ్లు కోరుకున్నాడు.

వాగు చీలిన చోట కుడివైపు కూడా మూడు రాళ్లున్నాయి. నేను ఎడమ వాగు మొదట్లో నీడకు కూర్చుని టీ తాగాను. చుట్టూ పలకల్లాంటి రాళ్లు. అంత మంచి రాళ్లు కళ్లముందు ఉండగా ఊరికే లేచిపోతే ఎలా? నాకూ ఇల్లు లేదు. మొదట అమ్మలాగే పేర్చాను. తర్వాత, దుబాయ్ దాకా వచ్చి కూడా ఒక్క అంతస్తేనా అనిపించింది. నాలుగు పలకలు గోడలుగా నిలబెట్టి, పైన వెడల్పు పలక స్లాబుగా వేశాను. దానిమీద మళ్లీ నాలుగు గోడలు, మళ్లీ స్లాబు. ముందు వైపు చిన్న రాయి పెట్టి అరుగు చేశాను. పైన నిటారుగా ఒక రాయి, అది నీళ్ల ట్యాంకు. మోకాలెత్తు వచ్చింది. దండం పెట్టుకుని, తృప్తిగా కుడి వాగు పట్టుకుని పైకి వెళ్లిపోయాను. శిఖరం మీద ఇంజనీరు పేర్చిన పెద్ద రాళ్లకుప్ప పక్కన, దాని ఎత్తు చూసి కొంచెం అసూయపడుతూ కూర్చున్నాను.

కింద ఆ వేళకు జరిగింది నాకు తర్వాత తెలిసింది. గేటు ముందు అందర్నీ నిలబెట్టి, ఇంజనీరు నేల మీద మూడు రాళ్లు పేర్చి చూపించాడట. "యే దేఖో, ఉధర్ జావో." ఇది కనబడితే అటు పొమ్మని. గుట్ట మీద ఆ ముక్క తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

పైనుంచి చూస్తే మనుషులు చీమల్లా కదిలారు. అందరికన్నా ముందు ఎర్ర బనియన్, అది బావ. చాలా వెనక పఠాన్ డ్రైవరు, అతని వెనక గుంపు, చిట్టచివర, ఎవరూ తప్పిపోకుండా చూసుకుంటూ ఇంజనీరు. బావకూ మిగతావాళ్లకూ మధ్య దూరం చూసి ఇక తిరుగులేదనుకున్నాను. మనసులోనే ఆమె క్యాసెట్‌కి జవాబు చెబుతున్నాను, తాళం తియ్యి చెల్లే, వస్తున్నాడు అని.

బావ వాగు చీలిన చోట ఆగాడు. ఇటు చూశాడు. అటు చూశాడు. ఎడమ వాగులోకి దూరాడు.

నాకు అర్థం కాలేదు. లేచి విజిల్ ఊదాను. గాలి నాకు ఎదురుగా ఉంది, నా ఊపిరి నా మొహానికే కొట్టింది. చేతులూపాను. పఠాన్ వచ్చాడు, ఏ రాళ్లనూ చూడకుండా గట్టు మీదుగా నిట్టనిలువునా ఎక్కడం మొదలుపెట్టాడు. గుంపు అతని వెనక పడింది. చివరికి ఇంజనీరు ఆ చోటికి వచ్చి నిలబడిపోయాడు. నడుం మీద చేతులు పెట్టుకుని ఎడమ వాగు మొదట్లోకి చాలాసేపు చూశాడు. తర్వాత కాలెత్తి నా ఇంటిని తన్నాడు. రెండు అంతస్తులూ, అరుగూ, నీళ్ల ట్యాంకూ ఒక్క దెబ్బకే. ఆపైన వంగి, కుడివైపు తన మూడు రాళ్ల మీద నాలుగో రాయి పెట్టాడు.

నిషానీలంటే ఆ రాళ్లేనని అప్పుడు తెలిసింది. నా పక్కనున్న కుప్ప వంక చూశాను, కింద వాగుల్లోని చిన్న కుప్పలను తలచుకున్నాను.

పఠాన్ వచ్చి కుప్ప ముట్టి, "సలాం టైం సాబ్," అని నవ్వి దిగిపోయాడు. మరికొంతమంది వచ్చారు. అప్పుడు ఎడమవైపు బండ అంచున మొదట చేతులు, తర్వాత ఎర్ర బనియన్ కనబడ్డాయి. నిలువు బండ ఎక్కి వచ్చాడు బావ. మోకాళ్లు చెక్కుకుపోయి రక్తం. కుప్ప మీద చెయ్యి వేసి వంగి ఊపిరి తీశాడు.

"నా ముందట ఎందరున్నరు బావా?"

చెప్పాను.

"రెండు దిక్కుల రాళ్లున్నయి. ఒకటి చిన్నగున్నది, ఒకటి పెద్దగున్నది. దొర పెద్దదే వెట్టిండనుకున్న."

"బావా, అది దొర వెట్టలే. నేను వెట్టిన."

తలెత్తి చూశాడు. "ఇల్లు కోసమా?"

"ఊఁ."

"ఎన్ని అంతస్తులు?"

"రెండు."

అతను ముంజేతితో మూతి తుడుచుకున్నాడు. "నాది ఒక్కటే అంతస్తు బావా. గా ఇంట్ల గూడ జొరనియ్యవా?" అన్నాడు.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగాడు. అని, నా జవాబు కోసం ఆగకుండా దూకాడు. అంత అందంగా మనిషి గుట్ట దిగడం నేను మళ్లీ చూడలేదు. జారే కంకర మీద, కంకరతోపాటే, చేతులు రెక్కల్లా చాపి, ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ పోయాడు. ట్యాంకరు దగ్గర పఠాన్ వెన్ను అందేంత దగ్గరికి వచ్చాడు. గేటు ఇంకో ఫర్లాంగు దూరంలో ఉండి ఉంటే దాటేసేవాడే! గేటును కంపెనీ ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టింది. ఆ దూరాన్ని తినేసింది నా అరుగే.

నేను దిగేసరికి అందరూ గేటు దగ్గరే ఉన్నారు. ముదీర్ కారు దిగి నిలబడ్డాడు. ఇంజనీరు నన్ను చూడగానే హమ్మయ్య అన్నట్టు, "వాగు దగ్గర ఆ పెద్ద కుప్ప ఎవరు పెట్టారో అడుగు," అన్నాడు.

నోరు నాదే కదా. మావాళ్ల వైపు తిరిగి, "వాగుకాడ రాళ్లెవలు పేర్చిండ్రట?" అని నేనే అడిగాను. పఠాన్ల వైపు తిరిగి హిందీలోనూ అడిగాను. దొంగే ఊరంతా తిరిగి దొంగను వెతికినట్టుంది నా పని. బావ కూర్చున్నచోటి నుంచే, మోకాలికి తడిగుడ్డ అద్దుకుంటూ, మెల్లగా, "మేకలు పేర్చినయని చెప్పు బావా. ముదీర్ ఇంటే నీ కొలువు పోతది," అన్నాడు.

అతని ఇల్లు అక్కడ ఆగిపోతే, అతను నా కొలువు చూస్తున్నాడు. ఇంజనీరు వైపు తిరిగి, "నేనే సార్," అన్నాను.

"నువ్వా? ఎందుకు?"

"ఇల్లు, సార్."

ఆ మొక్కును ఇంగ్లీషులో చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. రాయికి అంతస్తు, అంతస్తుకు దేవుడు, దేవుడికి మా అమ్మ, అన్నీ కలిపి ఎలాగో చెప్పాను. ఇంజనీరు నవ్వడం మొదలుపెట్టి, నేల మీద కూర్చుని, కళ్లు తుడుచుకున్నాడు. ఆ మొక్కు తెలిసిన మావాళ్లు వెనక అప్పటికే నవ్వుతున్నారు. "టైం కీపర్ సాబ్ మేడ గట్టిండట!" పరుగు తీయకుండానే ఆ పందెంలో నా పరువు పోయింది. గుట్ట మీది గుట్టు గేటు ముందు రట్టయింది.

అంతలో ఇంజనీరు బావ మోకాళ్లు చూసి నవ్వు ఆపేశాడు. గుర్తులు సరిగ్గా చెప్పకపోవడం తన తప్పేనని, ఇద్దరికీ సెలవు ఇవ్వమని ముదీర్‌ను అడిగాడు. ముదీర్ పఠాన్ చెయ్యి పట్టి ఊపి, క్రషర్‌కి ఇద్దరు ఒకేసారి పోతే కుదరదన్నాడు. "ఫస్ట్ ఈజ్ ఫస్ట్. ఖలాస్."

ఆ మధ్యాహ్నం మటన్ నాకు దిగలేదు. బావ గదిలో టేప్‌రికార్డర్ ముందు పెట్టుకుని, అందరి ఎదుటే మాట్లాడాడు. "ఇగో, ఇంటున్నవా? గుట్ట మీద తొవ్వ తప్పిన. రెండో నంబరచ్చింది. రెండో నంబరుకు సెలవు లేదట. నా కోసం ఆగకు. పిల్లలను తీస్కొని ఇంట్లకు పో. వానకాలం మల్ల అత్తది." దారి ఎందుకు తప్పాడో చెప్పలేదు. రికార్డర్‌ను నా వైపు జరిపి, "బావా, నువ్వు గూడ ఒక మాట మాట్లాడు," అన్నాడు.

చెప్పాలనుకున్నాను. గొంతు సవరించుకున్నాను. మళ్లీ సవరించుకున్నాను. క్యాసెట్ తిరుగుతూనే ఉంది. పక్కవాళ్లు చూస్తున్నారు. చివరికి బావే చెయ్యి చాపి బటన్ నొక్కాడు.

జవాబు క్యాసెట్ వచ్చింది. కోళ్ల చప్పుడు, ఆ వెనక ఆమె. "ఇగో, నేను పోను. చెప్పిన గదా, పోను. తాళంచెవి నా నడుముకే ఉన్నది. రెండో నంబరయితే ఏంది, ఇల్లేమన్న ఉరికిపోతదా? నువ్వు పైలంగ ఉండు." అంతలోనే, "అగో, ఆఖర్ల దగ్గినాయన ఎవలు? పానం బాగలేనట్టున్నది. మందు తాగుమను."

గది గదంతా పగలబడి నవ్వింది. ఆ తర్వాత నేను ఎప్పుడు గొంతు సవరించుకున్నా ఎవడో ఒకడు "మందు తాగు బావా" అనేవాడు. బావ మాత్రం అనలేదు. కాంట్రాక్టు అయ్యేదాకా డ్యూటీ దిగగానే గుట్టెక్కుతూనే ఉన్నాడు, ఇక పందెం లేకపోయినా. ఊరికే ఉరకడం అతనికీ అలవాటైంది. మధ్యలో ఒక వానాకాలం ఆమె పాకలోనే గడిపింది. ఆ వాన చప్పుడు క్యాసెట్‌లో విన్నాను, మాటల కన్నా అదే ఎక్కువగా వినబడింది. చివరికి అతను వెళ్లి, ఇద్దరూ కలిసి గడప దాటారు. నన్ను పిలిచాడు. సెలవు దొరకలేదని చెప్పాను. దొరికేదే, అడగలేదు.

చాలా ఏళ్లకు నేనూ ఊళ్లో ఇల్లు కట్టాను. ఒక్క అంతస్తు. ఎవరైనా కట్టినట్టే, ఎప్పటికైనా పైన వేసుకోవచ్చని పిల్లర్ల మీద ఇనుప సలాకలు వదిలిపెట్టాం. ఇల్లుజొచ్చుడుకు బావ, ఆ చెల్లెలు ఇద్దరూ వచ్చారు. ఆమె నన్ను చూసి, "దగ్గు తక్కువైందా అన్నా?" అని అడిగింది, పాపం నిజంగానే. బావ వాకిట్లో నిలబడి, ఆకాశంలోకి పొడుచుకు వచ్చిన సలాకల వంక కాసేపు చూశాడు.

"పైది కట్టకు బావా," అన్నాడు. "ఎవలన్న తొవ్వ తప్పుతరు."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సలాకలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, తుప్పు పట్టి. పైది ఎప్పుడు వేస్తున్నావని ఎవరైనా అడిగితే గొంతు సవరించుకుంటాను.